ఇంజను కంప్యూటరునకు వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సారును కలుపు విధానము

పెట్రోలుతో నడచు ఇంజను సవ్యముగా పనిచేయవలెనన్నచో పెట్రోలునకును గాలికిని నడుమ ఒక తూకము కుదురవలెను. కలగలుపు లేని పెట్రోలు ఒక కిలోగ్రాము పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. ఈ పాళ్లలో కలిసినప్పుడు పెట్రోలును మిగులదు, గాలిలోని ప్రాణవాయువును మిగులదు. పెట్రోలు పాలు హెచ్చినచో మిశ్రమము చిక్కనిది. గాలి పాలు హెచ్చినచో పలుచనిది. మెకానికులు వీనినే రిచ్ అనియు, లీన్ అనియు వ్యవహరింతురు.

చిక్కదనము మితిమీరినచో పెట్రోలు వృథా యగుటయే గాక, విషవాయువగు కార్బన్ మోనాక్సైడు పెరుగును. సిలిండరు గోడలను కాపాడు నూనెపొర కడుగుకొని పోవును. ఇంజను పూర్తి బరువు లాగుచున్న వేళ మిశ్రమము పలుచనైనచో కలుగు కీడు ఇంకను పెద్దది. మంట వేడి హెచ్చును, నాకింగు పుట్టును, తుదకు పిస్టను తల కరగి రంధ్రము పడుటయు సంభవించును. ఇంత నష్టమునకు కారణము ఒక్కొక్కప్పుడు ఇంజనులోని దోషము కాదు. సెన్సారు నుండి కంప్యూటరునకు పోవు తీగలలో పదవ వంతు వోల్టు తేడాయో, కొలబద్దలో ఒక అంకె తప్పుటయో అయి యుండును. సెన్సారు నిజమే చెప్పినను, ఆ నిజము మార్గమధ్యమున మారినచో కంప్యూటరు తప్పు తీర్పే చేయును. కావున ఈ పనిలో తీగలు కలుపుట సగము. కలిపిన పిదప రెండు కొనలయందును ఒకే అంకె కనబడుచున్నదని నిర్ధారణ చేయుట తక్కిన సగము.

కోయంబత్తూరు ప్రాంతమున చిరకాలముగ స్థిరపడిన తెలుగువారికి మోటారు విద్య క్రొత్తది కాదు. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారము ప్రారంభించి, యంత్రనిర్మాతగను విఖ్యాతులైరి. ఆ నగరమునకు చేరువనే చెట్టిపాళయమున కారి మోటార్ స్పీడ్‌వే అను పందెపు బాట 2003లో ఏర్పడినది. ఇచ్చట చెప్పబోవు పని ముఖ్యముగా రెండు విధముల బండ్లకు అవసరపడును: పందెపు బండ్లకును, కార్బురేటరు తొలగించి ఇంజెక్షను పద్ధతికి మార్చిన పాత బండ్లకును. రహదారిపై తిరుగు వాహనమునకు తయారీదారు అమర్చిన పొగ నియంత్రణ సామగ్రిని ఇష్టానుసారముగ మార్చరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ఇట్టి మార్పులకు హద్దులు విధించుచున్నది.

సెన్సారులు రెండు విధములు

బాష్ సంస్థవారు రూపొందించిన లాంబ్డా సెన్సారు 1976లో వోల్వో కార్లయందు వాడుకలోనికి వచ్చినది. దాని హృదయము జిర్కోనియా అను పింగాణి వంటి పదార్థము. అది బాగుగా వేడెక్కినప్పుడు ప్రాణవాయువు కణములను విద్యుదావేశముతో తనగుండ పోనిచ్చును. ఒక వైపున పొగయు, రెండవ వైపున బయటి గాలియు నున్నచో, రెంటిలోని ప్రాణవాయువు తేడాను బట్టి స్వల్పమైన వోల్టేజి పుట్టును. మిశ్రమము చిక్కనైనచో అది సుమారు 0.9 వోల్టు, పలుచనైనచో సుమారు 0.1 వోల్టు, సరియైన తూకము వద్ద 0.45 వోల్టు ప్రాంతమున అంకె ఒక్కసారిగా మొగ్గును. ఇదియే న్యారోబ్యాండ్ సెన్సారు. తలుపు తెరచి యున్నదా, మూసి యున్నదా యని ఇది చెప్పగలదు గాని, ఎంత తెరచి యున్నదో చెప్పజాలదు.

ఎంత యను ప్రశ్నకు సమాధానము చెప్పునది వైడ్‌బ్యాండ్ సెన్సారు. ఇందు వెనుకటి జిర్కోనియా గదికి తోడుగ పంపు వంటి రెండవ గది కలదు. రెంటి నడుమ సన్నని సందు ఉండును. పొగ ఆ సందులోనికి చేరగానే, మొదటి గది వోల్టేజి ఎల్లప్పుడు 0.45 వద్దనే నిలుచునట్లు రెండవ గదిగుండ ప్రాణవాయువును బయటికి తోడుటయో, లోనికి నింపుటయో జరుగును. ఇందులకు వ్యయమగు విద్యుత్ప్రవాహమే కొలత. తూకము సరిగా నున్నప్పుడు ప్రవాహము సున్న; మిశ్రమము పలుచనైనచో ఒక దిశగను, చిక్కనైనచో ఎదురు దిశగను ప్రవహించును. ఈ ప్రవాహము మిక్కిలి స్వల్పము. విస్తారముగ వాడుకలోనున్న బాష్ ఎల్.ఎస్.యు. 4.9 రకమును బయటి గాలిలో నుంచినను అది సుమారు రెండున్నర మిల్లీ ఆంపియర్లకు మించదు.

ఇంత సూక్ష్మమైన ప్రవాహమును నడుపుటకును, సెన్సారు కొనను సుమారు 780 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో నిలుపుటకును, వచ్చిన కొలతను కంప్యూటరునకు అర్థమగు రూపమున అందించుటకును ఒక కంట్రోలరు కావలెను. చెన్నపట్టణమున కంపెనీ వర్తకులకును దేశీయులకును నడుమ నిలిచి మాటలు నడిపిన ద్విభాషులలో తెలుగువారు పెక్కుమంది యుండిరి. కంట్రోలరు చేయు పనియు అట్టిదే. సెన్సారు పలుకునది మిల్లీ ఆంపియర్ల భాష. ఇంజను కంప్యూటరు వినునది వోల్టుల భాష. కొన్ని కంప్యూటరులలో ఈ ద్విభాషి లోపలనే అమరి యుండును. అప్పుడు సెన్సారు తీగలను నేరుగ కంప్యూటరునకే చేర్చవచ్చును. అయినను కంప్యూటరు ఏ నమూనా సెన్సారునకు తగినట్లు చేయబడినదో చూచుకొనవలెను. 4.2 నమూనాకును 4.9 నమూనాకును కొలతలు వేరు గనుక ఒకదాని స్థానమున మరియొకటి పెట్టరాదు.

సెన్సారు స్థానము

నాలుగు సిలిండరుల పొగయు కలిసిన పిదప, పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరునకు ముందుగా, పొగగొట్టమునకు 18 మిల్లీమీటర్ల మర తీసిన నట్టును వెల్డింగు చేసి, సెన్సారును అందు బిగింతురు. టర్బో గల ఇంజనులో దానిని టర్బో దాటిన తరువాత పెట్టుట మేలు. ఏలయన టర్బోకు ముందుండు వేడియు ఒత్తిడియు కొలతను చెరచును. సెన్సారు అడ్డముగ గాని తలక్రిందుగ గాని ఉండరాదు. పొగలోని నీటి ఆవిరి చల్లబడి బొట్లైనప్పుడు అవి సెన్సారు కొనలో నిలువక జారిపోవునట్లు, దాని తోక పైకి వాలి యుండవలెను.

సెన్సారునకు ముందు గొట్టమున చిన్న సందైనను ఉన్నచో, పొగ ఒత్తిడి తగ్గిన క్షణములలో బయటి గాలి లోనికి చొరబడును. సెన్సారు పలుచదనమును చూపును. ఒక సిలిండరు మండక తప్పిపోయినను ఇట్లే యగును. మండని పెట్రోలుతో పాటు మండని ప్రాణవాయువు కూడ వచ్చుటచే మిశ్రమము పలుచనని కనబడును. కావున తీగలను అనుమానించుటకు ముందు గొట్టమును, ప్లగ్గులను పరీక్షింపవలెను.

ఆరు కొనలు, ఒక చిన్న నిరోధకము

4.9 రకపు సెన్సారు కనెక్టరునకు ఆరు కొనలుండును. ఎర్రనిది పంపు ప్రవాహమునకు, పసుపుది ఉమ్మడి ఆధారమునకు, నల్లనిది కొలత గది వోల్టేజికి, బూడిదరంగుది హీటరు పన్నెండు వోల్టులకు, తెల్లనిది హీటరు మరలింపునకు ఏర్పడినవి. ఆకుపచ్చని తీగ, కనెక్టరులో దాగియున్న ఒక నిరోధకమునకు చేరును. ఏ రెండు సెన్సారులును అచ్చుగ్రుద్దినట్లు ఒక్కటిగా నుండవు గనుక, తయారుచేయు చోటనే ప్రతి సెన్సారునకును తగినట్లు ఈ నిరోధకమును సరిచేసి కనెక్టరులో పెట్టుదురు. తీగ చాలలేదనియో, రంధ్రము చిన్నదనియో కనెక్టరును కోసివేసినచో ఆ సెన్సారు తన కొలబద్దను తాను పోగొట్టుకొనినట్లే. తీగ పొడిగింపవలసినచో కంట్రోలరు వైపుననే, తయారీదారు చెప్పిన హద్దులో పొడిగింపవలెను.

హీటరు విద్యుత్తు

హీటరు చలిలో మొదలైనప్పుడు కొన్ని ఆంపియర్ల విద్యుత్తును లాగును. కావున దానికి తాళముచెవి త్రిప్పినప్పుడు మాత్రమే వచ్చు విద్యుత్తును, తయారీదారు నిర్ణయించిన ఫ్యూజు ద్వారా ఈయవలెను. రేడియోకో, దీపములకో పోవు సన్నని తీగనుండి దానిని తీసికొనరాదు. ఇంజను నడువకముందే చాలసేపు తాళము వేసి యుంచుటయు మంచిది కాదు; వేడెక్కిన పింగాణిపై గొట్టములోని చన్నీటి బొట్టు పడినచో అది పగులును. ఇందుకొరకే కొన్ని కంట్రోలరులు ఇంజను నడచిన పిదపనే హీటరును పూర్తిగా వెలిగించును. దీనికి వ్యతిరేకమైన పొరపాటును కలదు. సెన్సారును గొట్టమునకు బిగించి, విద్యుత్తు ఈయక బండి నడిపినచో, చల్లని పింగాణిపై మసి పేరుకొని సెన్సారు చెడిపోవును.

ఎర్తు విషయము

ఎక్కువమంది తడబడు చోటు ఇదియే. వోల్టేజి యనునది రెండు స్థానముల నడుమ తేడాయే గాని ఒంటరి సంఖ్య కాదు. కంట్రోలరు తన ఎర్తును సున్నగా నెంచి 2.35 వోల్టులు పంపును. కంప్యూటరు తన ఎర్తును సున్నగా నెంచి దానిని చదువును. రెండు సున్నలు ఒక్కటి కానిచో చదువబడు అంకె మారును.

రెండు సున్నలు వేరగుటకు కారణము హీటరు విద్యుత్తు. ఎర్తు తీగయు, దాని కొననున్న తుప్పుపట్టిన బోల్టును కలిసి 0.05 ఓముల నిరోధము కలిగియున్నవనుకొందము. హీటరు ప్రవాహము 2 ఆంపియర్లైనచో ఆ తీగపై 0.1 వోల్టు నిలుచును. 0 నుండి 5 వోల్టులకు 10 నుండి 20 వరకు పాళ్లను చూపు కొలబద్దలో 0.1 వోల్టనగా 0.2 పాలు. కంట్రోలరు ఎర్తు పైకి లేచినచో కంప్యూటరు మిశ్రమమును పలుచనని భ్రమించి పెట్రోలు పెంచును. కంప్యూటరు ఎర్తే పైకి లేచినచో చిక్కనని భ్రమించి పెట్రోలు తగ్గించును. రెండవదియే ప్రమాదకరము. పైగా హీటరు వెలుగుచు ఆరుచు నుండుటచే ఈ దోషము నిలుకడగ నుండక ఊగులాడును.

దీనికి ఉపాయము సులభము. హీటరు ఎర్తును, కొలత ఎర్తును వేరు తీగలుగా నుంచవలెను. బరువైన ప్రవాహము గల హీటరు ఎర్తును ఇంజను దిమ్మెకో, తయారీదారు చూపిన చోటికో చేర్చవలెను. కొలత ఎర్తును కంప్యూటరునందు సెన్సారులకై ప్రత్యేకించిన ఎర్తు కొనకు చేర్చవలెను. హీటరు ఎర్తును మాత్రము ఆ సెన్సారు ఎర్తునకు ఎన్నడును కలుపరాదు. కలిపినచో నీటి వేడిని చెప్పు సెన్సారు, థ్రాటిలు సెన్సారు మున్నగు తక్కిన వాని అంకెలును చెడును. కంట్రోలరునకు ఒకే ఎర్తు తీగ యున్నచో, కంప్యూటరు ప్రధాన ఎర్తు బిగించిన బోల్టు వద్దనే దానిని బిగింపవలెను.

కొలబద్దల పొందిక

ఎర్తు సరియైనను, రెండు యంత్రములకును కొలబద్ద ఒక్కటి కావలెను. వాడుకలోనున్న కంట్రోలరులలో ఒక రకము 0 వోల్టునకు 10 పాళ్లును, 5 వోల్టులకు 20 పాళ్లును చూపును. మరియొక రకము 0 వోల్టునకు 7.35, 5 వోల్టులకు 22.39 చూపును. మొదటి రకపు కంట్రోలరును తగిలించి, కంప్యూటరులో రెండవ కొలబద్దను ఎన్నుకొనినచో ఏమగునో చూతము.

ఇంజను ఊరక తిరుగుచుండ నిజమైన పాలు 14.7 అయినచో కంట్రోలరు 2.35 వోల్టులు పంపును. కంప్యూటరు దానిని 14.4గా చదువును. తేడా స్వల్పము గనుక ఎవరికిని అనుమానము కలుగదు. పూర్తి బరువు వేళ కంప్యూటరు తెరపై 12.5 కనబడునట్లు పెట్రోలును సరిచేసితిమని సంతోషింతురు. కాని అప్పుడు వచ్చు వోల్టేజి సుమారు 1.71, కంట్రోలరు కొలబద్ద ప్రకారము నిజమైన పాలు 13.4. తెరపై సురక్షితమైన చిక్కదనము. సిలిండరులో అంతకంటె పలుచని మిశ్రమము. రెండు కొలబద్దలును 15.3 ప్రాంతమున కలిసికొనుటచే, ఆ చేరువలో చేసిన పరీక్ష దోషమును కప్పిపుచ్చును. కావున ఒక్క చోట అంకెలు కలిసినంత మాత్రమున నమ్మరాదు. దూరదూరముగ నున్న రెండు మూడు స్థానములలో సరిచూడవలెను.

ఇచ్చట ఇంధనము విషయము కూడ గమనింపదగినది. ఇథనాలు తాను మండుటకు తన తూకమునకు తొమ్మిది రెట్లు గాలినే కోరును. నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలునకు సరియైన తూకము 14.7 గాక సుమారు 13.5 అగును. సెన్సారు పెట్రోలును తూచదు. సరియైన తూకమునకు ఎంత దూరములో నున్నదో మాత్రమే చెప్పును. దానిని 14.7తో హెచ్చించి పాళ్లుగా చూపుట కంట్రోలరు అలవాటు. కావున రెండు యంత్రములలోను లాంబ్డా అను కొలతనే ఎన్నుకొనుట మేలు. సరియైన తూకము ఎల్లప్పుడు 1. పైని చెప్పిన 12.5 అనగా 0.85. ఇంధనము మారినను ఈ అంకెల అర్థము మారదు.

తీగ తెగినప్పుడు

0 వోల్టు అనగా మిక్కిలి చిక్కని మిశ్రమమని కొలబద్ద చెప్పుచున్నది. సంకేతపు తీగ తెగినను, కంట్రోలరు ఆగిపోయినను కంప్యూటరునకు అందునది తరచుగ ఆ 0 వోల్టే. అప్పుడది పెట్రోలు మితిమీరినదని తలచి తగ్గింపసాగును. తగ్గించు హక్కు నూటికి పదికి పరిమితమై యున్నను, 0.88 లాంబ్డాతో నడచుచున్న ఇంజను 0.98కి పోవును, బరువు వేళ ఇది పిస్టనుకు అపాయము. కావున కంప్యూటరులో వోల్టేజికి క్రింది హద్దును, పై హద్దును నిర్ణయించి, వానిని దాటిన అంకెను నమ్మక దిద్దుబాటును మానునట్లు ఏర్పాటు చేయవలెను. సెన్సారు వేడెక్కువరకును దిద్దుబాటు ఆగియుండవలెను. పూర్తి బరువు వేళ సెన్సారు మాటపై పెట్రోలు తగ్గించు హక్కును మిక్కిలి కొంచెముగ ఇచ్చుట గాని, బొత్తిగా ఈయకుండుట గాని వివేకము.

క్యాన్ తీగల మార్గము

వోల్టేజి రూపమున గాక అంకెల రూపముననే సమాచారము పంపు మార్గమును కలదు. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన క్యాన్ పద్ధతిలో, మెలివేసిన రెండు తీగలపై అంకెలు సంకేతములుగా పోవును. స్వల్పమైన ఎర్తు తేడా ఆ అంకెను మార్చజాలదు. ఇందు చూడవలసినవి మూడు: రెండు యంత్రముల వేగము ఒక్కటిగా నుండుట, సందేశపు గుర్తు సంఖ్య కలియుట, ఆ తీగల రెండు చివరలను 120 ఓముల నిరోధకములుండుట. విద్యుత్తు ఆపి రెండు తీగల నడుమ కొలిచినప్పుడు సుమారు 60 ఓములు కనబడినచో చివరలు సరిగానున్నట్లే. రెండు యంత్రములకును ఈ సౌకర్యమున్నచో దీనినే ఎన్నుకొనదగును.

తయారీదారు కంప్యూటరుతో నడచు కార్లలో మాత్రము, పాత న్యారోబ్యాండ్ సెన్సారును తీసి వైడ్‌బ్యాండ్ వోల్టేజిని దాని స్థానమున ఈయరాదు. ఆ కంప్యూటరు 0.45 వోల్టు చుట్టు మొగ్గులనే ఎరుగును. 0 నుండి 5 వరకు పోవు వోల్టేజిని అది వేరుగా అర్థము చేసికొనును. కొన్ని కంట్రోలరులు న్యారోబ్యాండును అనుకరించు రెండవ సంకేతమును ఈయగలవు. అయినను పాత సెన్సారును దాని స్థానముననే యుంచి, వైడ్‌బ్యాండును కేవలము చూచుకొనుటకు వాడుట నిరపాయము.

తుది పరీక్ష

పని ముగిసిన పిదప పరీక్ష ఈ క్రమమున జరుపవలెను. మొదట ఇంజనును నడిపి, హీటరు, దీపములు, ఫ్యాను అన్నియు వెలుగుచుండగా, కంట్రోలరు కొలత ఎర్తునకును కంప్యూటరు సెన్సారు ఎర్తునకును నడుమ మల్టీమీటరు పెట్టి చూడవలెను. పది మిల్లీవోల్టులకు లోపల నున్నచో మంచిది. పిమ్మట సంకేతపు వోల్టేజిని కంప్యూటరు కొన వద్ద కొలిచి, కంప్యూటరు తాను చదివినట్లు చూపు వోల్టేజితో పోల్చవలెను. తరువాత కంట్రోలరు చూపు లాంబ్డాను, కంప్యూటరు చూపు లాంబ్డాను ఊరక తిరుగు వేళను, సమవేగమున పోవు వేళను, వేగము పెంచు వేళను సరిచూడవలెను. మూడు చోట్ల కలిసినచో పని సక్రమముగ నున్నది. తేడా అన్ని చోట్లను ఒకటే అయినచో ఎర్తు దోషము. చోటు మారిన కొలది తేడా మారినచో కొలబద్ద దోషము. అంకె నిలువక ఊగుచున్నచో హీటరు ప్రవాహము కొలత ఎర్తులోనికి వచ్చుచున్నదని మొదట అనుమానింపవలెను.

సెన్సారు నమూనా, కొలబద్ద రెండు కొనల అంకెలు, ఎర్తు బిగించిన చోట్లు, ఫ్యూజు పరిమాణము ఒక కాగితముపై వ్రాసి బండిలో నుంచుట మంచి అలవాటు. సెన్సారు కొంతకాలమునకు అరిగి మార్చవలసివచ్చును. అప్పుడు ఆ బండిని విప్పువాడు తమిళుడో, కన్నడిగుడో, ఒరియావాడో కావచ్చును. 0 వోల్టునకు 10, 5 వోల్టులకు 20 అని వ్రాసియున్న కాగితము వారిలో ఎవరికైనను అర్థమగును. ఇంజనును మరల మొదటినుండి పరీక్షించు పని తప్పును.